ఉచ్చ లెక్కపెట్టండమ్మా!

అందరికీ నమస్కారం. కడుపుతో ఉన్నవాళ్లకంటే అమ్మమ్మలు, నాయనమ్మలే ఎక్కువ వచ్చారు, మంచిదే, పురిటింట్లో చివరికి నడిచేది మీ మాటే కదా.

ఎండాకాలం కాన్పు అనగానే అందరూ అడిగేది ఒకటే, బిడ్డకి నాలుక ఎండిపోదా, కాచి చల్లార్చిన నీళ్లు రెండు స్పూన్లు పట్టొచ్చా అని. వద్దండి. గ్లూకోజ్ నీళ్లూ వద్దు, తేనె అసలే వద్దు. తల్లిపాలలో దాదాపు 88 శాతం నీళ్లే, ఎంత ఎండలైనా ఆరు నెలల దాకా అవి చాలు, నీళ్లతో ఆ బుల్లి పొట్ట నింపేస్తే ఇంక పాలేం తాగుతుంది?

పాలు సరిగ్గా లోపలికి పోక బిడ్డ ఒంట్లో నీరు తగ్గిపోతేనే అసలు భయం. తొలిచూలు, సిజేరియన్ అయితే పాలు బాగా పడటానికి మూడు నాలుగు రోజులు పట్టొచ్చు, ఈలోపు ముర్రుపాలే, అవి పిండి పారబోయకండి. బిడ్డ చప్పరిస్తూనే ఉంటుంది, మనమేమో తాగేస్తోంది అనుకుంటాం, గుటక మాత్రం వినపడదు. చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి పోవాలి, రోజుకి 8 నుంచి 12 సార్లు పట్టాలి, రాత్రి కూడా.

తాగిందో లేదో ఉచ్చే చెప్తుంది. మొదటి రోజు ఒకటి, రెండో రోజు రెండు, అలా పెరిగి ఐదో రోజు నుంచి ఆరుకి తగ్గకూడదు. డైపర్ వేస్తే లెక్క తెలీదు, పాత కాటన్ చీర ముక్కలే నయం. మొదటి రెండ్రోజులు గుడ్డ మీద ఇటుకపొడి రంగు మరక కనిపిస్తే పర్లేదు గానీ నాలుగో రోజు కూడా అదే ఉంటే చూపించండి.

"మా మనవరాలు బంగారం, ఏడవనే ఏడవదు, పాలకి కూడా లేవదు" అని మురిసిపోతుంటారే, నాకు గుండె జారేది అక్కడే. అది బుద్ధి కాదమ్మా, నీరసం. మాడు గుంట పడలేదుగా అని ఆగొద్దు, నీరు తగ్గి ఒంట్లో సోడియం, అంటే ఉప్పు, పెరిగిపోయిన పిల్లల్లో మాడు మామూలుగానే ఉండొచ్చు. లేపినా లేవకపోయినా, నోరు ఎండినా, ఒళ్లు కాలుతున్నా, కామెర్ల పసుపు కాళ్లదాకా దిగినా వెంటనే ఆస్పత్రికే, ఇంట్లో ఓఆర్ఎస్ కలపడాలు వద్దు.

మూడో రోజు, ఏడో రోజు ఆశా అమ్మాయి వచ్చినప్పుడు తూకం వేయించండి. 3 కేజీల బిడ్డ 300 గ్రాములు తగ్గిందంటే డాక్టర్ చూడాల్సిందే. అన్నట్టు, పథ్యం పేరు చెప్పి బాలింతకి నీళ్లు కట్టేయకండి, అడిగినన్ని ఇవ్వండి.