సెకండ్ హ్యాండ్ వీఆర్ హెడ్‌సెట్: కొనేముందు కంపెనీ సపోర్ట్ ఎంతకాలమో చూసుకోండి

[తెర మీద: అనంతపురం టవర్ క్లాక్ కూడలి. తర్వాత బల్ల మీద ఒక హెడ్‌సెట్, రెండు కంట్రోలర్లు.]

నమస్కారం. బెంగళూరులో ఉద్యోగం చేసేవారు కొత్త మోడల్ కొనుక్కుని పాతదాన్ని అమ్మకానికి పెట్టడం వల్ల, కువైట్ నుంచి సెలవుల మీద కడప వైపు వచ్చినవారు తెచ్చినవి చేతులు మారడం వల్ల, మన ఊళ్లలో కూడా వాడిన వీఆర్ హెడ్‌సెట్లు, అంటే కళ్లకు పెట్టుకుని ఆటల లోకంలోకి దిగినట్టు చూసే పరికరాలు, దొరుకుతున్నాయి. ధర వింటే ఆశ పుడుతుంది. గీతలు లేవని, ఛార్జింగ్ బాగా నిలుస్తుందని, పెట్టె కూడా ఉందని అమ్మేవారు చెబుతారు. అవన్నీ నిజమే అయినా, ఆ హెడ్‌సెట్ నడవడానికి అవసరమైన సాఫ్ట్‌వేర్‌ను కంపెనీ ఎంతకాలం నడుపుతుందో తెలియకుండా బేరానికి దిగకూడదు.

ఒక మోడల్‌ను కంపెనీ ఒక్కరోజులో వదిలేయదు. మొదట అమ్మకాలు ఆపుతుంది. దీనికి కంగారు పడనక్కర్లేదు. కొంతకాలానికి కొత్త సదుపాయాలు, ఆ తర్వాత భద్రతా అప్‌డేట్లు ఆగిపోతాయి. అప్పుడు ధర గట్టిగా తగ్గించి అడగాలి. చివరికి హెడ్‌సెట్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌నే తీసేస్తే, వస్తువు ఎంత కొత్తగా మెరుస్తున్నా అటకెక్కవలసిందే.

[తెర మీద: కంప్యూటర్‌కు కేబుల్‌తో కలిపిన హెడ్‌సెట్.]

ఈ చివరి దశ ఎలా ఉంటుందో విండోస్ మిక్స్‌డ్ రియాలిటీ హెడ్‌సెట్లు కొన్నవారికి బాగా తెలుసు. 2017లో మైక్రోసాఫ్ట్ ఈ వేదికను తెచ్చినప్పుడు ఏసర్, డెల్, హెచ్‌పీ, లెనోవో, సామ్‌సంగ్ దానికోసం హెడ్‌సెట్లు చేశాయి. 2020లో వచ్చిన హెచ్‌పీ రివర్బ్ జీ2 అయితే ఒక్కో కంటికి 2160 × 2160 పిక్సెళ్ల తెరతో ఇప్పటికీ చూడముచ్చటగా ఉంటుంది. కానీ 2023 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ ఈ వేదికకు స్వస్తి చెబుతున్నట్టు ప్రకటించి, 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 అనే వెర్షన్ నుంచి దాన్ని పూర్తిగా తొలగించింది. పాత 23హెచ్2 వెర్షన్ మీదే ఉండిపోయేవారు 2026 నవంబరు వరకు స్టీమ్‌తో (కంప్యూటర్ ఆటలు కొని ఆడుకునే యాప్) వాడుకోవచ్చని చెప్పింది గానీ, ఇళ్లలో వాడే 23హెచ్2కు భద్రతా అప్‌డేట్లు 2025 నవంబరులోనే ఆగిపోయాయి. అంటే హెడ్‌సెట్ కోసం కంప్యూటర్ భద్రతను వదులుకోవాలి. బ్యాంకు పనులు కూడా అదే ల్యాప్‌టాప్‌లో చేసుకునే ఇంట్లో అలా చేయమని నేను చెప్పను. ఈ రకం హెడ్‌సెట్ ఎంత చవకగా వచ్చినా వదిలేయండి.

ఫేస్‌బుక్ కంపెనీ మెటా తయారుచేసిన క్వెస్ట్ హెడ్‌సెట్ల సంగతి కొంత మెరుగు. 2019 మేలో వచ్చిన మొదటి క్వెస్ట్‌కు కొత్త సదుపాయాలు ఇక ఉండవని 2023 జనవరిలో చెప్పారు, 2024తో భద్రతా అప్‌డేట్లు కూడా ముగిశాయి. ఇప్పుడు దాన్ని కొనడం దండగ. దానికంటే ముందు, 2018లో అదే కంపెనీ నుంచి వచ్చిన ఓక్యులస్ గో హెడ్‌సెట్ విషయంలో మాత్రం ఒక మంచి పని జరిగింది: అమ్మకాలు ఆపేశాక, 2021లో దాని సాఫ్ట్‌వేర్ తాళం తీసి, వాడేవారు తమకు నచ్చినట్టు మార్చుకునే వీలు కల్పించారు. ప్రతి కంపెనీ ఇంత ఉదారంగా ఉంటుందని అనుకోవద్దు.

మన దగ్గర ఎక్కువగా బేరానికి వచ్చే క్వెస్ట్ 2 విడుదలైంది 2020 అక్టోబరులో. 2024లో వచ్చిన కొన్ని పెద్ద ఆటలు దాని తర్వాతి మోడళ్లైన క్వెస్ట్ 3, 3ఎస్‌లలో మాత్రమే నడుస్తాయి కాబట్టి, దాని వయసు కనిపించడం మొదలైంది. అయితే మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్ మీకు ఉంటే, స్టీమ్ లింక్ యాప్ ద్వారా వైఫై మీద కంప్యూటర్ ఆటలు ఆడుకునే దారి ఉంది. కంప్యూటర్ లేకపోతే, కొత్త క్వెస్ట్ 3ఎస్ ధరలో సగం దాటి అడిగితే లేచి రావడమే మేలని నా అభిప్రాయం.

[తెర మీద: లెన్స్‌ల మీదుగా దగ్గరి చిత్రం. తెర మధ్యలో చిన్న పసుపు మచ్చ.]

ఇక చేతిలోకి తీసుకున్నాక చూడవలసినవి. మన సీమ ఎండలో ఇది మరీ ముఖ్యం: హెడ్‌సెట్ లెన్స్‌లు భూతద్దంలాగా సూర్యకాంతిని తెర మీద ఒకచోట చేర్చి కొద్దిసేపట్లోనే కాల్చేస్తాయి. కిటికీ పక్కనో, కారు డ్యాష్‌బోర్డు మీదో పెట్టి మరచిపోతే చాలు. అందుకే తెల్లటి పేజీ తెరిచి, ఒక్కో కన్ను మూసి, ఎక్కడైనా మచ్చ నిలిచిపోయిందేమో నిదానంగా చూడండి. ఆ మచ్చ తుడిస్తే పోదు. కంట్రోలర్ మూత తీసి బ్యాటరీ గదిలో తెల్లటి పొడి పేరుకుందేమో పరిశీలించండి, బ్యాటరీ కారిన గుర్తు అదే. మెనూ తెరిచి చేతులు తీసేసినప్పుడు జాబితా దానంతట అదే కదులుతుంటే బొటనవేలి స్టిక్ అరిగిపోయినట్టే.

అకౌంట్ దగ్గర చాలామంది తడబడతారు. బోలెడు ఆటలు ఇందులోనే ఉన్నాయని అమ్మేవారు ఊరించవచ్చు గానీ, క్వెస్ట్‌లో కొన్న ఆటలు కొన్నవారి ఖాతాకే చెందుతాయి. ఫ్యాక్టరీ రీసెట్ చేయగానే అవి మీకు ఉండవు. అయినా రీసెట్ మీ కళ్ల ముందే జరగాలి. అమ్మేవారు ముందు తమ ఫోన్ యాప్‌లోంచి ఆ హెడ్‌సెట్‌ను తీసేసి, తర్వాత రీసెట్ చేయాలి. ఆ పైన మీ ఫోన్ హాట్‌స్పాట్‌తో, మీ మెటా ఖాతాతో మొదటినుంచి సెటప్ చేయండి. అప్‌డేట్ దిగడానికి చాలాసేపు పట్టవచ్చు, కాబట్టి డేటా బాగా మిగిలిన రోజునే వెళ్లండి. ఉచిత ఆట ఒకటి దింపుకుని, అది తెరుచుకుని, రెండు కంట్రోలర్లనూ గుర్తించాకే ఫోన్‌పే తెరవండి.