దొంగ కార్డుతో దానం

అందరికీ నమస్కారం. హ్యాకర్ల కథ కదా, కంప్యూటర్ దగ్గర మొదలవుతుందని అనుకుంటారు. నేను ఒక ఫోన్ కాల్‌తో మొదలుపెడతాను.

2011 క్రిస్మస్ రోజులు. అమెరికాలోని ఆస్టిన్‌లో, ఈమధ్యే రిటైరైన ఒక పెద్దాయన ఇంటికి కార్డు కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. ఆయన భార్య తీసింది. ఆయన కార్డు మీద పడ్డ ఖర్చుల గురించి ఆ కాల్. రెడ్ క్రాస్, కేర్, సేవ్ ది చిల్డ్రన్... అన్నీ విరాళాలే. పండగపూట ఆయనే ఇచ్చాడేమో, కాదని ఎలా చెప్పడం? ఆవిడకు తేలలేదు. మొత్తం 700 డాలర్లు. ఆయన ఇవ్వలేదు.

ఇచ్చింది యాంటీసెక్ అనే హ్యాకర్ల గుంపు. అనానిమస్ పేరు మీరు వినే ఉంటారు, దాని కొమ్మే. వాళ్ళ కోపం స్ట్రాట్‌ఫర్ మీద. ప్రపంచ రాజకీయాల మీద విశ్లేషణలు రాసి చందాలకు అమ్మే కంపెనీ అది. లోపలికి దూరి ఈమెయిళ్ళు పట్టుకుపోయారు, అవి తర్వాత రహస్య పత్రాలు బయటపెట్టే వికీలీక్స్‌కు చేరాయి. అక్కడితో ఆగి ఉంటే నేనూ కొంత వెనకేసుకొచ్చేవాణ్ణేమో. కానీ చందాదారుల కార్డు వివరాలు కూడా ఊడ్చుకుపోయి నెట్‌లో పరిచేశారు. అమెరికా ప్రాసిక్యూటర్ల లెక్కలో సుమారు 60 వేల కార్డులు, 7 లక్షల డాలర్ల దొంగ ఖర్చు. ఆబోతుల పోట్లాటలో లేగల కాళ్ళు విరగడమంటే ఇదే.

పోనీ, దానమైనా నిలిచిందా? కార్డుదారు ఫిర్యాదు చేస్తే బ్యాంకు ఆ డబ్బు వెనక్కి లాగేస్తుంది. రసీదు రాసిన సంస్థే తిరిగి కట్టుకోవాలి, ఒక్కోసారి పైన రుసుముతో సహా. పుణ్యం మాట దేవుడెరుగు, అక్కడి గుమాస్తాకు పని పెరిగింది.

స్ట్రాట్‌ఫర్ కూడా తక్కువ తిన్నదేం కాదు. కార్డు నంబర్లకు ఎన్‌క్రిప్షనే లేదు, బీరువాలో పెట్టి తాళం వేయనట్టు. ఆ తప్పు అధినేత జార్జ్ ఫ్రీడ్‌మన్ స్వయంగా ఒప్పుకున్నాడు.

ఈ చోరీలో పాలుపంచుకున్న హ్యాకర్ జెరెమీ హామండ్‌కు 2013లో పదేళ్ళ జైలు పడింది. అతనితో కలిసి తిరిగిన సాబు అనే హ్యాకర్, చోరీ నాటికే అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐకి ఉప్పందించే మనిషి. దొంగ సొత్తు దాచిన సర్వర్ కూడా ఎఫ్‌బీఐదే!

మరి చందాదారులు? కోర్టుకెక్కారు, 2012లో రాజీ కుదిరింది. వాళ్ళకు దక్కింది ఏమిటంటే, అదే స్ట్రాట్‌ఫర్ చందా ఒక నెల ఉచితం, పైన ఒక ఈ-బుక్.