బిడ్డ ‘బ్బ’ అంటే మీరేమన్నారు?

(బుక్కరాయసముద్రం మండలంలోని ఒక అంగన్‌వాడీలో తల్లులు, అవ్వలతో ఒక పిల్లల డాక్టర్ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. సెనక్కాయలు ఒలిచే పని వదిలిపెట్టి వచ్చినారు, ఎక్కువసేపు కూర్చోబెట్టను.

ఇందాక నేను లోపలికి వస్తుంటే గుమ్మం దగ్గర ఒక అవ్వ, ఆమె ఒళ్లో తొమ్మిది నెలల మనవరాలు. పాప నా మెడలో స్టెతస్కోపు చూసి ‘బ్బ’ అంది. ‘బ్బ నా? అది డాక్టరమ్మది తల్లీ, మనది కాదు’ అంది అవ్వ. పాప మళ్లీ ‘బ్బబ్బ’. ‘కావాల్నా? అడిగితే సూది వేస్తాది’ అని నవ్వింది. సూది భయం మాత్రం పెట్టొద్దవ్వా, రేపు టీకాకు రాదు! కానీ నేను చెప్పాలని వచ్చినదాంట్లో సగం నువ్వక్కడే చేసి చూపించినావు.

పుట్టినప్పుడు బిడ్డ మెదడు బరువు పెద్దవాళ్ల మెదడులో సుమారు పావు వంతు. రెండేళ్లకల్లా ముప్పావు వంతుకు వస్తుంది. ఆ వయసులో మెదడు కణాల మధ్య కొత్త దారులు లెక్కలేనన్ని పడతాయి. చేను గట్టు మీద కాలిబాట చూడండి, మనుషులు నడిస్తే నిలుస్తుంది, నడవకపోతే గడ్డి కప్పేస్తుంది. ఇవీ అంతే. బిడ్డ ‘బ్బ’ అనడం, మీరు ముఖం చూసి బదులు పలకడం, బిడ్డ మళ్లీ అనడం, ఇదే ఆ నడక. టీవీ రోజంతా మాట్లాడుతుంది గానీ, బిడ్డ అన్నదానికి బదులు పలకదు.

‘మీ ఇంట్లో ఫోన్ ఇవ్వరా మేడం?’ అంటారు. ఇచ్చినాను. మావాడికి రెండేళ్లప్పుడు, నైట్ డ్యూటీ చేసొచ్చి, వాడి చేతికి ఫోనిచ్చి అన్నం పెట్టేదాన్ని. గిన్నె ఖాళీ అయ్యేది, ఏం తిన్నాడో వాడికే తెలీదు. మాన్పించిన వారమంతా ఇంట్లో ఒకటే ఏడుపు. రెండేళ్లలోపు స్క్రీన్ అసలు వద్దని, 2 నుంచి 4 ఏళ్ల వాళ్లకు రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

ఇంక రెండో సగం, రక్తం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 6 నెలల నుంచి 5 ఏళ్లలోపు పిల్లల్లో 63 శాతం మందికి రక్తం తక్కువ. ఐరన్ ఒక్క రక్తానికే కాదు, మెదడు నరాల మీద పూత ఏర్పడటానికీ కావాలి. అది తగ్గిన బిడ్డ గోల చేయడు, ఆడడు, ఒక మూల కూర్చుంటాడు. మనమేమో ‘ఎంత నెమ్మదస్తుడో’ అని మురిసిపోతాం. నాకు టెన్షన్ అక్కడే.

ఆరు నెలలు నిండినాక తల్లిపాలలోని ఐరన్ చాలదు. పాలిస్తూనే మెత్తటి సంగటి, పప్పు, ఆకుకూర, గుడ్డు పెట్టండి, పప్పులో నిమ్మకాయ పిండండి. టీలో ముంచిన బిస్కెట్ మానండి, టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. సెనక్కాయలు మెత్తగా పొడి కొట్టి కలపండి, గింజ మాత్రం చిన్నపిల్లల చేతికి ఇవ్వొద్దు, గొంతుకు అడ్డం పడుతుంది. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పిండి ప్యాకెట్ బిడ్డదే, ఇంట్లో పెద్దోళ్లకు లడ్డూలు చుట్టడానికి కాదు. నవ్వుతున్నారంటే చుట్టినారన్నమాట! ఆశా అక్క ఇచ్చే ఐరన్ సిరప్ వారానికి 2 సార్లు, 1 మిల్లీలీటరు చొప్పున వేయండి. దొడ్డికి నల్లగా పోతే భయపడి ఆపొద్దు.

సరే, ఒక్కొక్కరే పిల్లల్ని ఇటు వెలుతురులోకి తీసుకురండి, కింది రెప్ప లాగి చూస్తాను. ముందు ఆ ‘బ్బ’ పాపను పట్టుకురా అవ్వా.