బోరు మీ పొలంలోదే, మరి నీళ్లు ఎవరివి? భూగర్భ జలాల నియంత్రణ, ఆస్తి హక్కు

[తెరపై: పక్కపక్కనే రెండు పొలాలు, మధ్యలో గట్టు, రెండు బోర్లు. నేల అడ్డుకోత బొమ్మ.]

గట్టు నేల పైనే ఉంటుంది. కింది నీటికి గట్టు లేదు. మోటారు వేయగానే బోరు చుట్టూ నీటిమట్టం గరాటు ఆకారంలో కుంగుతుంది. తోడేకొద్దీ ఆ గరాటు వెడల్పవుతుంది. పక్క బోరు దాకా పాకిందంటే అక్కడా మట్టం పడిపోతుంది, ఆ రైతు ఏ తప్పూ చేయకపోయినా. భూగర్భ జలాల మీద ఏ చట్టం వచ్చినా తేల్చాల్సింది ఈ గొడవనే.

[తెరపై: 1843 – 1882 – 1904]

మొదట కోర్టులు ఈ గొడవలో వేలు పెట్టలేదు. 1843లో ఇంగ్లండులో ఆక్టన్ వర్సెస్ బ్లండెల్ కేసు వచ్చింది. పక్క భూమిలో బొగ్గు గని తవ్వడంతో ఒక నూలు మిల్లు బావి ఎండిపోయింది. సొంత నేలలో తవ్వుకున్నవాడి మీద దావా నిలవదని కోర్టు తేల్చింది. మన 1882 ఈజ్‌మెంట్స్ (పొరుగు భూమి మీద ఉండే వాడుక హక్కుల) చట్టం 7వ సెక్షన్‌లోనూ ఇదే కనిపిస్తుంది: నిర్దిష్టమైన పాయగా పారని భూగర్భ జలాన్ని యజమాని తన హద్దుల్లో తోడుకోవచ్చు. 1904లో టెక్సాస్‌లో ఒక రైల్వే కంపెనీ రోజుకు 25,000 గ్యాలన్లు తోడితే పొరుగింటి బావి ఎండింది. గెలిచింది కంపెనీయే.

పైకి ఇది తిరుగులేని ఆస్తి హక్కులా కనిపిస్తుంది. కానీ యజమానికి దక్కింది తోడుకునే హక్కే. కింద మిగిలిన నీటికి కాపలా లేదు. వచ్చే ఎండాకాలానికని మీరు ఆపుకున్న నీళ్లను పక్కవాళ్లు ఇంకా లోతుగా బోరు దించి ఇవాళే లాగేయవచ్చు. పొదుపు చేసినవాడే నష్టపోయే హక్కు ఇది. కాబట్టి "నా భూమి, నా నీళ్లు, ప్రభుత్వానికేం పని" అన్న మాటలో సగమే సరైనదని మేం గట్టిగా నమ్ముతాం.

మిగతా సగం కూడా చూడాలి. అడ్డదిడ్డంగా పెట్టిన నియంత్రణ ఆస్తిని నిజంగానే మింగేస్తుంది.

[తెరపై: అడిగింది 700, ఇచ్చింది 14]

టెక్సాస్‌లో ఎడ్వర్డ్స్ అనే భూగర్భ జలాశయం మీద 1993లో ఒక చట్టం చేసి, తోడే నీటికి పరిమితి పెట్టారు. 1972 జూన్ నుంచి 1993 మే దాకా ఎవరు ఎంత వాడారన్న చరిత్రను బట్టి వాటాలు పంచారు. డే అనే రైతు, భాగస్వామితో కలిసి ఏటా 700 ఎకరా-అడుగులు అడిగితే 14 వచ్చాయి. ఎకరా-అడుగు అంటే సుమారు 12.33 లక్షల లీటర్లు. 2012లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు రెండు మాటలు చెప్పింది. నేల కింద ఉన్న నీరు భూ యజమానిదే, ప్రభుత్వం దాన్ని సహేతుకంగా నియంత్రించవచ్చు. అయితే ఆ గడువులో వాడుకోలేదన్న ఒక్క కారణంతో నీటి ప్రయోజనం మొత్తం లాగేసుకోకూడదు, అలా చేస్తే పరిహారం అడగవచ్చు.

పాత వాడకాన్ని లెక్కగట్టి వాటా ఇస్తే ఎక్కువ తోడినవాడికే బహుమతి. ఇంకో చిక్కుంది. గడువు తేదీని ముందే ప్రకటిస్తే అందరూ రికార్డు కోసం అవసరం లేకపోయినా మోటార్లు నడుపుతారు. గడువు ఎప్పుడూ ప్రకటనకు ముందు తేదీ అయ్యుండాలి.

ఇక దూరం నిబంధన. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లో తెచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్లలోపు కొత్త బోర్ల మీద ఆంక్ష పెట్టింది. ఉద్దేశం సరైనదే, అమలు కూడా సులువు, టేపుతో కొలిస్తే చాలు. కానీ గట్టి రాతి నేలల్లో నీళ్లు పగుళ్ల వెంట నడుస్తాయి. 60 మీటర్ల దూరంలోని బోర్లకు లింకు లేకపోవచ్చు, 300 మీటర్ల అవతల ఉండవచ్చు.

[తెరపై: కొలిచే టేపు, గడియారం, నోటు పుస్తకం]

ఆ లింకును మీరే పరీక్షించవచ్చు. రాత్రంతా రెండు మోటార్లూ ఆపండి. పొద్దున్నే మీ బోరులో నీటిమట్టం కొలిచి రాయండి. తర్వాత పక్క మోటారు మాత్రమే 4 గంటలు నడవాలి, మీరు అరగంటకోసారి మీ మట్టం కొలవాలి. అది ఆపాక మరో 4 గంటలు కొలవండి. నడిచినప్పుడు దిగి, ఆపాక తిరిగి ఎక్కితే రెండు బోర్లకూ లింకు ఉన్నట్టే. చుట్టుపక్కల మూడో మోటారు నడిస్తే ఆ రోజు లెక్క పనికిరాదు, ఇంకో రోజు మళ్లీ చేయాలి.

ఎంత తోడుతున్నారో చెప్పడానికి 200 లీటర్ల డ్రమ్ము చాలు. 40 సెకన్లలో నిండితే సెకనుకు 5 లీటర్లు, గంటకు 18,000. ఆరు గంటలకు 1,08,000 లీటర్లు, ఎకరం మీద ఒక అంగుళం కంటే కాస్త ఎక్కువ. నీటిమట్టం మారితే ఈ లెక్కా మారుతుంది. అందుకే వానలకు ముందొకసారి, తర్వాతొకసారి కొలవాలి.

పరిమితులు వచ్చిన రోజున హక్కును నిలబెట్టేది కాగితమే. బోరు రిజిస్ట్రేషన్, తవ్విన లోతు, కేసింగ్ ఎంత దింపారు, మోటారు హెచ్‌పీ, పంట వారీ ఎకరాలు, కరెంటు బిల్లులు ఏటా ఒకే ఫైల్లో పెట్టండి. మీటరు మార్చేటప్పుడు పాతదాని చివరి రీడింగ్‌నూ కొత్తదాని మొదటి రీడింగ్‌నూ తేదీతో సహా ఫోటో తీసి, బిగించినవారి సంతకం తీసుకోండి. ఆ రెండు అంకెలకు రుజువు లేకపోతే ఆ ఏడాది వాడకం మొత్తం వివాదంలో పడుతుంది.