తిరిగి రాని రోగి గురించి

సభలోని పెద్దలకు, ఎముకల విభాగంలో పీజీ చేస్తున్న యువ వైద్యులకు, నర్సులకు, ఫిజియోథెరపిస్టులకు నమస్కారం.

పరిశీలనాత్మక పరిశోధనలో మనం చికిత్సను మార్చం. రోజూ జరుగుతున్నదాన్నే పద్ధతిగా గమనించి రాసుకుంటాం. చీటీలు వేసి రోగులను రెండు జట్లుగా విడదీయం. అందుకే చాలామంది దీన్ని తక్కువ రకం పరిశోధనగా చూస్తారు. నేను అలా చూడను. కానీ ఇందులో ఒక ప్రమాదం ఉంది. మన కంటికి కనిపించినవారిని బట్టి కనిపించనివారి మీద కూడా తీర్పు చెప్పేస్తాం. ఈ రోజు ఆ కనిపించనివారి గురించే మాట్లాడదలచుకున్నాను.

విరిగిన ఎముకలకు నాటువైద్యులు వేసే పుత్తూరు కట్టు తెలియనివారు ఈ సభలో ఉండరు. మన ఓపీకి వచ్చేది ఆ కట్టు వికటించినవాళ్లే. ఎముక వంకరగా అతికినవాళ్లు, కట్టు బిగిసి రక్తప్రసారం ఆగి వేళ్లు నల్లబడినవాళ్లు. వాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. కానీ కట్టుతో చక్కగా అతికిన చెయ్యి మన గడప ఎందుకు తొక్కుతుంది? అక్కడ కట్టేవారికి బాగైనవాళ్లే మళ్లీ కనిపిస్తారు, మనకు చెడినవాళ్లే కనిపిస్తారు. అందుకే ఇద్దరం అంత గట్టిగా వాదించుకుంటాం.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. మనం ప్లేటు వేసిన తొడ ఎముక అతకలేదనుకోండి. ఆ రోగి మళ్లీ మన దగ్గరకే వస్తాడా? నమ్మకం పోయినవాడు పొలం తాకట్టు పెట్టి ఇంకో ఊరి ఆసుపత్రికి పోతాడు. మన కేస్ షీట్‌లో మాత్రం అతను బాగానే ఉన్నట్టు లెక్క.

థీసిస్‌లలో ఇది ఎలా జరుగుతుందో ఒక ఊహా లెక్కతో చెబుతాను. 40 మందికి ఆపరేషన్ చేశారు. ఏడాది తర్వాత 28 మంది వచ్చారు. వారిలో 25 మంది బాగున్నారు. థీసిస్‌లో 89 శాతం మంచి ఫలితాలని రాస్తారు. రాని 12 మందీ బాగుంటే అసలు ఫలితం 92 శాతం దాటుతుంది. అందరూ ఇబ్బంది పడుతుంటే 62 దగ్గర ఆగిపోతుంది. ఈ రెండింటి మధ్య నిజం ఎక్కడ ఉందో ఆ 12 మందికే తెలుసు. ‘ఫాలోఅప్‌కు రాలేదు’ అని ఒక్క ముక్కలో వారిని కొట్టేసే అలవాటు నన్ను చాలా బాధపెడుతుంది.

స్వీడన్ వైద్యులు దీనికి 1975లోనే ఒక దారి కనుక్కున్నారు. మోకాలి కీలు మార్పిళ్లకు ఆ ఏడాది, తుంటి కీళ్లకు 1979లో దేశమంతటికీ రిజిస్ట్రీలు, అంటే ప్రతి ఆపరేషన్‌నూ నమోదు చేసే పట్టికలు, పెట్టారు. అక్కడ ప్రతి పౌరుడికీ ఒక సంఖ్య ఉంటుంది. కీలు విఫలమై రోగి దేశంలో ఏ మూల మళ్లీ ఆపరేషన్ చేయించుకున్నా, ఆ సమాచారం మొదటి ఆపరేషన్ పక్కకు వచ్చి చేరుతుంది. డాక్టరు మీద అలిగి వెళ్లిపోయినవాడు కూడా లెక్కలోంచి జారిపోడు.

దాని విలువ ఏమిటో డీప్యూ సంస్థ తయారుచేసిన ఏఎస్ఆర్ అనే కృత్రిమ తుంటి కీలు విషయంలో తెలిసింది. అందులో లోహం మీద లోహం ఒరుసుకుంటుంది. రాలిన కోబాల్ట్, క్రోమియం రేణువులు చుట్టూ ఉన్న కండను పాడుచేశాయి. విడివిడిగా చూస్తే ఏ సర్జన్‌కైనా ఇలాంటి కేసులు ఒకటో రెండో తగులుతాయి. అతను తన చేతిపనినే తప్పుపట్టుకుంటాడు. దేశమంతటి లెక్కలు ఒకచోట చేరిన ఆస్ట్రేలియా రిజిస్ట్రీకి మాత్రం 2007లోనే ఈ కీలు మిగతావాటికంటే ఎక్కువగా విఫలమవుతోందని కనిపించింది. 2009 చివర్లో అక్కడి మార్కెట్ నుంచి దాన్ని తీసేశారు. బ్రిటన్ రిజిస్ట్రీ లెక్కల్లో అయిదేళ్లలోనే నూటికి 12, 13 మందికి మళ్లీ ఆపరేషన్ అవసరమైందని తేలాక, 2010 ఆగస్టులో ప్రపంచమంతటా వెనక్కి పిలిచారు.

మన దేశంలో ఆ కీళ్లతో సుమారు 4,700 ఆపరేషన్లు జరిగాయి. కేంద్ర ప్రభుత్వం నియమించిన నిపుణుల సంఘం విచారణ చేసేసరికి సుమారు 3,600 మంది ఆచూకీ దొరకలేదు. ఒంట్లో ఏ లోహం ఉందో, అది ఏం చేస్తోందో చెప్పడానికి కూడా ఆ మనుషులు దొరకలేదు. పరిహారం ఇస్తామన్నా ఇవ్వడానికి చిరునామా లేదు. తుంటి, మోకాలి సర్జన్ల సంఘం 2006 నుంచి ఒక రిజిస్ట్రీ నడుపుతోంది. అందులో వివరాలు ఇవ్వడం మాత్రం స్వచ్ఛందం. దాన్ని తప్పనిసరి చేయాలన్నది నా గట్టి అభిప్రాయం.

రోగులందరూ లెక్కలో ఉన్నా చదవడంలో జాగ్రత్త కావాలి. తుంటి విరిగిన వృద్ధులకు ఆపరేషన్ ఆలస్యమైతే మరణాలు పెరుగుతాయని ఎన్నో పరిశీలనలు చెప్పాయి. ఆలస్యమయ్యేది ఎవరికి? గుండె బలహీనంగా ఉన్నవారికి, షుగర్ అదుపులో లేనివారికి. చంపింది ఆలస్యమా, ఆ జబ్బులా? దీన్ని తేల్చడానికి మన దేశంతో సహా 17 దేశాల్లో 2,970 మందిని చీటీలు వేసినట్టు రెండు జట్లుగా చేసి చూశారు. ఫలితాలు 2020లో వచ్చాయి. ఒక జట్టుకు నిర్ధారణ అయిన సుమారు 6 గంటల్లో, రెండో జట్టుకు సుమారు 24 గంటల్లో ఆపరేషన్ జరిగింది. మూడు నెలల్లో మరణాలు 9 శాతం, 10 శాతం. చెప్పుకోదగ్గ తేడా లేదు. తొందరగా చేసినవారిలో మతి తప్పి మాట్లాడటం తగ్గింది, ముందుగా లేచి నిలబడ్డారు. దీన్ని చూపించి నాలుగు రోజులు మంచం మీద ఉంచవచ్చని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అక్కడ పోల్చింది గంటలను.

రోగి మన దగ్గరకు రాకపోతే మనమే వెళ్లాలి. ఈ పని మన నేల మీద జరిగింది. నల్లగొండ ఫ్లోరైడ్ ఊళ్లలో పిల్లల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే వైకల్యాన్ని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ వైద్య పత్రికలో వివరించారు. బస్సు చార్జీకి డబ్బుల్లేని ఇంటి పిల్లవాడి మోకాళ్లు, మనం నగరంలో ఓపీ గది దాటకుండా కూర్చుంటే ఎవరికి కనిపిస్తాయి?

అడిగే ప్రశ్నలు కూడా మనవి కావాలి. తుంటి ఎంత బాగా పనిచేస్తోందో కొలవడానికి మీరంతా వాడే హారిస్ హిప్ స్కోరు 1969లో అమెరికాలో పుట్టింది. బూట్లు, మేజోళ్లు తొడుక్కోగలరా అని అందులో ఉంది. బాసింపట్టు వేసుకుని అన్నం తినగలరా, గొంతుక్కూర్చుని నారుకట్ట విప్పగలరా, చెరువుగట్టు ఎక్కగలరా అని లేదు. స్కోరును దాని పద్ధతిలోనే లెక్కకట్టండి, మన ప్రశ్నలను విడిగా పక్కన రాయండి. ఆపరేషన్‌కు ముందు ఒకసారి, తర్వాత మళ్లీ అడగండి.

ఈ ఏడాది ప్రోటోకాల్ (పరిశోధన ప్రణాళిక) రాస్తున్నవారికి ఒక మాట. అనుమతి పత్రం మీద సంతకం తీసుకునేటప్పుడే రోగి ఫోనుతోపాటు, ఆయన ఒప్పుకుంటే కొడుకుదో పక్కింటివారిదో మరో నంబరు తీసుకోండి. రోజు కూలీ వదులుకుని రాలేనివారిని ఫోనులోనే అడుగుతామని ఎథిక్స్ కమిటీకి ముందే రాయండి. ఫలితాల పట్టికలో రానివారికి ఒక వరుస ఉంచి, ఎందుకు రాలేదో, ఎలా వెతికారో రాయండి. తెలుగులో తయారుచేసిన ప్రశ్నల నమూనా వేదిక దగ్గర ఉంది. మీ ఊరి రోగులకు పనికిరానివి కొట్టేసి, పనికొచ్చేవి చేర్చుకోండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.