సమర్‌కండ్ వెళ్తున్నారా? బస రిజిస్ట్రేషన్ సంగతి కాస్త వినండి

శ్రోతలందరికీ నమస్కారం. ఈ మధ్య మన ఊళ్లలో తాష్కెంట్, సమర్‌కండ్ పేర్లు బాగానే వినపడుతున్నాయి. పెద్దవాళ్లకు తాష్కెంట్ అంటే 1966 జనవరి గుర్తొస్తుంది, లాల్ బహదూర్ శాస్త్రి గారు పాకిస్తాన్‌తో ఒప్పందం మీద సంతకం పెట్టి, మర్నాడు తెల్లవారకముందే కన్నుమూసింది అక్కడే. ఇప్పుడు ఆ ఊళ్లున్న ఉజ్బెకిస్తాన్‌లో మన పిల్లలు ఎంబీబీఎస్ చదువుతున్నారు. వాళ్లను చూడ్డానికి అమ్మానాన్నలు వెళ్తున్నారు, ఎలాగూ అంతదూరం వెళ్లాం కదా అని సమర్‌కండ్‌లో రెజిస్తాన్ అనే పాత చౌరస్తా, తైమూర్ సమాధి, ఆపైన బుఖారా ఊరు కూడా చూసొస్తున్నారు. తప్పకుండా చూడాల్సిన ఊళ్లే అవి. కాకపోతే ఈ-వీసా చేతికొచ్చింది, టికెట్ బుక్ అయింది, ఇక అన్ని పనులూ అయిపోయినట్టే అనుకుంటారు చాలామంది. అక్కడికి దిగాక చేయాల్సిన పని ఇంకొకటి ఉంటుంది.

ఉజ్బెకిస్తాన్‌లో వీసా వేరు, బస రిజిస్ట్రేషన్ వేరు. వీసా ఉంటే దేశంలోకి రానిస్తారు. వచ్చాక మీరు ఏ ఊళ్లో, ఎవరి ఇంట్లో లేదా ఏ హోటల్లో ఉంటున్నారో మూడు రోజుల్లోపు అధికారుల దగ్గర నమోదు కావాలి. ఇందుకోసం ఈ-మెహ్మోన్ అని ఒక ఆన్‌లైన్ వ్యవస్థ పెట్టారు. హోటల్లో దిగితే మీకు ఏ టెన్షనూ లేదు, కౌంటర్ దగ్గర పాస్‌పోర్టు తీసుకుని వాళ్లే ఎక్కించేస్తారు. ఇదేదో మనల్ని అనుమానించి చేసేది అనుకోకండి, హైదరాబాద్‌లో ఏ విదేశీయుడు హోటల్లో దిగినా మనవాళ్లు కూడా ఒక ఫారం 24 గంటల్లోపు నింపి పంపాల్సిందే.

కాకపోతే అక్కడ ఈ పద్ధతికి పాత వేళ్లు ఉన్నాయి. సోవియట్ ప్రభుత్వం 1932 చివర్లో దేశం లోపల తిరగడానికి కూడా పాస్‌పోర్టు పెట్టి, ఎవరు ఏ ఇంట్లో ఉంటున్నారో పోలీసుల దగ్గర రాయించుకోవాలని రూలు తెచ్చింది. 1991లో ఆ దేశం విడిపోయి ఉజ్బెకిస్తాన్, కజకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్ లాంటివి ఎవరి దారి వాళ్లు చూసుకున్నా ఈ అలవాటు మాత్రం వెంటనే పోలేదు. ఇప్పుడు చాలా సులువైంది, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా రూలు రూలే.

అసలు చిక్కు ఎక్కడంటే, మనవాళ్లు హోటల్లో దిగరు. ఖమ్మం నుంచో గుంటూరు నుంచో ఇద్దరు తల్లిదండ్రులు వెళ్లారనుకోండి, అమ్మాయి సమర్‌కండ్‌లో ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి ఫ్లాట్ అద్దెకు తీసుకుని ఉంటోంది, డబ్బులు తగలేసి హోటల్ ఎందుకు, అమ్మ చేతి వంట తిని ఎన్నాళ్లయిందో అని అక్కడే ఉండిపోతారు. ఆ ఆశను ఎవరూ తప్పుపట్టలేరు. కానీ అమ్మాయికి ఉన్న రిజిస్ట్రేషన్ అమ్మాయిదే, అది అమ్మానాన్నలకు పనికిరాదు. వీళ్ల పేర్లు ఆ ఫ్లాట్ ఓనర్ విడిగా నమోదు చేయించాలి, ఆన్‌లైన్లో గానీ, విదేశీయుల రిజిస్ట్రేషన్లు చూసే, అక్కడివాళ్లు ఇప్పటికీ ఓవీర్ అని పిలిచే ఆఫీసుకు వెళ్లి గానీ. దానికి కొంత రుసుము కూడా ఉంటుంది. చేయించకపోతే వచ్చినవాళ్లకే కాదు, ఇల్లిచ్చిన మనిషికి కూడా జరిమానా పడే వీలుంది. మరీ శ్రుతి మించితే దేశం నుంచి పంపించేసి, కొంతకాలం మళ్లీ రానివ్వకపోవచ్చు. అక్కడే చదువుకోవాల్సిన పిల్లకు ఇంటి ఓనర్‌తో గొడవ తెచ్చిపెట్టడం ఎంత ఇబ్బందో ఆలోచించండి. అందుకే విమానం ఎక్కకముందే అమ్మాయి చేత ఓనర్‌ను అడిగించండి. వాళ్లు ఉజ్బెక్‌లోనో రష్యన్‌లోనో మాట్లాడతారు, మన పిల్లలకు ఆపాటికి కాస్తో కూస్తో రష్యన్ వచ్చే ఉంటుంది. ఓనర్ కుదరదంటే మొహమాటపడకండి, దగ్గర్లో ఏదైనా చిన్న గెస్ట్ హౌస్ చూసుకుని, పగలంతా పిల్లతో గడిపి రాత్రికి అక్కడ పడుకోండి.

హోటల్లో దిగినవాళ్లు కూడా వెళ్లేటప్పుడు ఒక చిన్న పని చేయాలి. రిజిస్ట్రేషన్ చీటీ అడిగి తీసుకోండి. అరచేతిలో పట్టేంత కాగితమే, అందులో పేరు, పాస్‌పోర్టు నంబరు, దిగిన తేదీ, ఖాళీ చేసిన తేదీ ఉంటాయి. కౌంటర్ దగ్గరే నిలబడి ఆ నంబరు మీ పాస్‌పోర్టుతో సరిచూసుకోండి, మన పేర్లలో ఇంటిపేరు ముందా వెనకా అన్న గందరగోళం ఎప్పుడూ ఉండేదే కాబట్టి పేరు కూడా చూసుకోండి. ఇప్పుడు వివరాలన్నీ కంప్యూటర్లో ఉంటున్నాయి కాబట్టి ఎయిర్‌పోర్టులో ఈ చీటీలు అడగడం బాగా తగ్గింది, నిజమే. అయితే హోటల్ వాళ్లు ఎక్కించడం మర్చిపోయి ఉంటే ఆ రోజు మీ తరఫున మాట్లాడేది ఆ కాగితమే. తాష్కెంట్ నుంచి ఖీవాకు రాత్రి రైల్లో వెళ్తే ఆ రాత్రికి హోటల్ ఉండదు, కాబట్టి రైలు టికెట్ కూడా పారేయకుండా చీటీలతో పాటే పెట్టుకోండి.

పక్కనున్న కజకిస్తాన్ సంగతి కొంచెం వేరు. 2022 నుంచి మన పాస్‌పోర్టుతో 14 రోజుల దాకా వీసా లేకుండానే ఉండొచ్చు. అక్కడ మీరు వచ్చారని తెలియజేయాల్సింది మీకు బస ఇచ్చినవాళ్లు, మూడు పనిదినాల్లోపు. అల్మాటీలో ఫ్లాట్ బుక్ చేసుకునేవాళ్లు ఆ కబురు పంపించారా లేదా అని ఓనర్‌ను ఒక్క మాట అడగండి.

ఇంకో మాట. సీటు ఇప్పించేటప్పుడు మన దగ్గర లక్షలు తీసుకునే కన్సల్టెన్సీలు ఈ విషయం తల్లిదండ్రులకు తెలుగులో ఒక్క కాగితం మీద రాసిస్తే వాళ్ల సొమ్మేం పోదు, అది వాళ్ల బాధ్యత కూడా. మీ పిల్లలు అక్కడ చదువుతుంటే ఆ కాగితం ఇవ్వమని గట్టిగా అడగండి. ఇప్పటికే అక్కడ ఉండి, మూడు రోజులూ దాటిపోయి ఈ ప్రసంగం వింటున్నవాళ్లు ఎవరైనా ఉంటే, తిరుగు ప్రయాణం దాకా ఆగకండి. ఇంటి ఓనర్‌ను వెంటబెట్టుకుని రేపు పొద్దున్నే ఆ ఓవీర్ ఆఫీసుకు వెళ్లండి.