గీజరు కడుపులో సున్నం

నమస్కారం అండి. ఈ వారం వీడియోలో బెంగళూరు లాల్‌బాగూ లేదు, గాంధీబజారు దోసెలూ లేవు. ఈ నీలం బకెట్టు అడుగున గుడ్డు పెంకుల్లా కనిపిస్తున్నది మా అమ్మావాళ్ళ పదిహేను లీటర్ల గీజరులోంచి ఇప్పుడే తీసిన సున్నం.

నేను పదకొండేళ్ళుగా ఇంగ్లండులోని రెడింగ్‌లో ఉంటున్నాను. అమ్మా నాన్నగారూ తెనాలి ఇల్లు అమ్మేసి, బెంగళూరులో వైట్‌ఫీల్డ్ దగ్గర ఒక చిన్న అపార్టుమెంటులో స్థిరపడ్డారు. 2021లో కొన్న ఈ గీజరుకు రెండేళ్ళ వారంటీ, లోపలి ట్యాంకుకు మాత్రం ఏడేళ్ళు. రెండేళ్ళు నిండి మూడు నెలలైనా కాకముందే నీళ్ళు కాగడం మానేశాయి. కంపెనీ తరఫున వచ్చిన అబ్బాయి నీళ్ళు కాచే ఎలిమెంటు కాలిపోయిందని చెప్పి కొత్తది వేసి వెళ్ళాడు. ఏడు నెలలకు థర్మోస్టాట్ మార్చారు. ఆ తరువాత గీజరు స్విచ్చి వేయగానే ఇంట్లో ఈఎల్‌సీబీ, అంటే కరెంటు లీకయితే సరఫరా ఆపేసే స్విచ్చి, పడిపోవడం మొదలైంది, మళ్ళీ ఎలిమెంటే. ఈ కథంతా నేను వీడియో కాల్‌లో విన్నదే. నాన్నగారు బిల్లులన్నీ ఒక ఫైలులో పెట్టి, ఈసారి నేను రాగానే నా చేతిలో పెట్టారు. కూడితే కొత్త గీజరు ధరలో సగం దాటింది.

ట్యాంకు వారంటీ ఇంకా ఉంది కదా అని నేను కార్డు తిరగేశాను. కఠిన జలం, అంటే సున్నం ఎక్కువున్న నీళ్ళ, వల్ల కలిగే నష్టానికి బాధ్యత లేదని వెనుకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. బెంగళూరు శివార్లలో గీజరు అమ్ముతూ ఆ మాట రాయడమంటే గొడుగు అమ్మి వానకు బాధ్యత లేదనడమే. మా భవనానికి కావేరి నీళ్ళు లేవు. లోతైన బోరు, అది చాలనప్పుడు ట్యాంకరు. తాగే నీటిలో కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదనీ, వేరే దారి లేకపోతే 600 వరకు పరవాలేదనీ భారతీయ ప్రమాణం చెబుతుంది. మా బోరు పరీక్షలో 540 వచ్చింది.

ఈసారి మాత్రం కంపెనీకి ఫోను చేయకుండా, కింది ఇంటివారు చెప్పిన మెకానిక్‌ను పిలిచాము. చింతామణి వైపు అబ్బాయి, కన్నడ యాసతో చక్కటి తెలుగు మాట్లాడతాడు. ప్లగ్గు తీసి, నీళ్ళన్నీ వంపేసి, అడుగు ప్లేటు విప్పగానే ఈ పెంకులు జలజలా రాలాయి. "అక్కా, ఇది గీజరు రోగం కాదు, నీళ్ళ రోగం" అన్నాడు.

అతను వివరించినదాన్ని నా మాటల్లో చెబుతాను. నీళ్ళలో కరిగి ఉన్న బైకార్బనేట్లు వేడి తగలగానే విరిగి కాల్షియం కార్బొనేటుగా మారి, అన్నిటికన్నా వేడిగా ఉండే ఎలిమెంటు మీదే పేరుకుంటాయి. ఆ పొర దుప్పటిలా కప్పేయడంతో రెండు వేల వాట్ల వేడి నీళ్ళలోకి త్వరగా దిగలేక లోపలే మిగిలి, పై తొడుగు పగులుతుంది. ఆ పగులులోకి నీళ్ళు చేరి కరెంటు లీకయితే ఈఎల్‌సీబీ పడుతుంది. అంటే మాకు వచ్చిన వేరువేరు జబ్బులన్నిటికీ మూలం ఒక్కటే. ఇక ఈ సన్నటి తీగను చూడండి. ఒకప్పుడు ఇది వేలెడు లావు మెగ్నీషియం కడ్డీ. ట్యాంకు ఉక్కుకు తుప్పు పట్టకుండా తాను ముందుగా కరిగిపోవడమే దీని పని. అది కరిగిపోయాక వంతు ట్యాంకుది. ఇంతకు ముందు వచ్చిన ముగ్గురిలో ఒక్కరు కూడా దీని సంగతి ఎత్తలేదు.

రెడింగ్ నీళ్ళూ సుద్దరాయి పొరల్లోంచి వచ్చేవే, అక్కడి కెటిల్‌లోనూ ఇదే సున్నం కడతుంది. కానీ మా ఇంటి గ్యాస్ బాయిలరును ఏటా సర్వీసు చేయించకపోతే వారంటీ చెల్లదు. 2009 నుంచి ఉన్న గ్యాస్ సేఫ్ రిజిస్టరు అనే అధికారిక జాబితాలో పేరున్న ఇంజినీరే దాన్ని విప్పాలి. ఆ ఖర్చు మీద ఏటా సణిగేదాన్ని. ఇక్కడ గీజరుకు సర్వీసు అన్న ఊహే మా ఇంట్లో ఎవరికీ రాలేదు.

అమ్మ ఒప్పుకోలేదు. తెనాలి ఇంట్లో బొగ్గులతో కాగే రాగి బాయిలరును ఏటా సంక్రాంతికి ముందు చింతపండుతో తోమించేవారమనీ, లోపలి తెల్లపొర అప్పుడే ఊడి వచ్చేదనీ గుర్తు చేసింది. మెకానిక్ నవ్వి, ఎలిమెంటును నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో వేశాడు. అది బుసబుసా పొంగుతుంటే అమ్మ పక్కనే నిలబడి, పులుపు పులుపే కదా అంది.

చివరికి కొత్త మెగ్నీషియం కడ్డీ, కొత్త రబ్బరు వాషరు, పాత ఎలిమెంటే. వేడి పెరిగేకొద్దీ సున్నం త్వరగా పడుతుందని డయలును కొంచెం తగ్గించాడు. నాన్నగారు గీజరు పక్కన మార్కరుతో ఈ రోజు తేదీ రాశారు. పిల్లల బాత్‌రూములో దీనితోపాటు 2021లోనే కొన్న రెండో గీజరు ఉంది, దాన్ని ఇంతవరకు ఎవరూ విప్పలేదు. దాని కోసం మెకానిక్ శనివారం పొద్దున్న పదింటికి వస్తానన్నాడు. బకెట్టు ఖాళీ చేసి ఉంచాము.